లతీఫున్నీసా చేతి ఆకు

మద్రాసు, మైలాపూరు
2 మే 1948

అనసూయ అత్తయ్యకు మేనల్లుడు సదాశివ నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. చిక్కిపోయానని నాన్న రాసి ఉంటారు, నమ్మకండి. నాన్న వచ్చిన రోజు నేను అప్పుడే క్షౌరం చేయించుకుని ఉన్నాను, అంతే.

అసలు సంగతి రాస్తాను. మా వృక్షశాస్త్రం ప్రొఫెసరుగారు నా పరిశోధనకు విషయం చెప్పారు. జనం తరతరాలుగా మందుగా వాడే మొక్క ఒకటి తెచ్చుకోవాలి. దాని ఆకు, కాడ, వేరు లోపల ఎలా ఉన్నాయో పలచగా కోసి సూక్ష్మదర్శినిలో చూడాలి. ఆ తర్వాత దాని రసానికి పుండ్లను చీము పట్టించే క్రిములు చస్తాయో లేదో తేల్చాలి. జనవరిలో పండితుల సభలో ఆ వ్యాసం చదవాలి. బాగుంటే నాకు ఇక్కడే ఉద్యోగం. బాగులేకపోతే నాన్న చెప్పిన తాలూకా కచేరీలో గుమాస్తాగిరీ.

వేపను ఒకడు పట్టుకుపోయాడు. తులసిని ఇంకొకడు. నేను ఆలోచిస్తూ కూర్చుంటే మీరు గుర్తొచ్చారు. మీ ఇంట్లో ఉండి చదువుకున్న ఆరేళ్ళలో మీ ఆకు కట్టుకు మానని గడ్డ నేను చూడలేదు. నా మోకాలి మీద ఉన్న మచ్చే సాక్ష్యం.

ఆ మొక్క పేరు రాసి, నాలుగు గుప్పెళ్ళ ఆకు పంపగలరా? పేరు లేకపోతే ప్రొఫెసరుగారు ఒప్పుకోరు.

మామయ్యకు నమస్కారాలు. పక్కింటి లతీఫా ఖాలాకు సలాం చెప్పండి.

మీ
సదాశివ

*

సికింద్రాబాదు, మారేడ్‌పల్లి
17 మే 1948

చిరంజీవి సదాశివకు అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. ఆకు పంపుతున్నాను. పేరు మాత్రం రాయను.

కోపం తెచ్చుకోకు నాయనా. పేరు బయటపెడితే ఆకు బలం పోతుందని మా అత్తగారు పోయే ముందు నా చేత ప్రమాణం చేయించారు. ఇరవై ఆరేళ్ళుగా నేను మీ మామయ్యకు కూడా చెప్పలేదు. ఆయన అడగనూ లేదనుకో. అందుకని ఒక మొక్కను వేరుతో, పూతతో సహా పొట్లంలో పెట్టాను. చూసి నువ్వే పోల్చుకో. లాటిన్ పేరు రాసుకుంటే దోషం లేదనిపిస్తోంది. రాముడి పటం ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించాను. ఆ మొక్క పుట్టి పెరిగింది లతీఫున్నీసా పెరట్లో బావి పక్కన. దానికి తెలుగు వచ్చు, ఉర్దూ వచ్చు. లాటిన్ రాదు.

మన పెరట్లో మూడుసార్లు నాటాను. మూడుసార్లూ ఎండిపోయింది. ఆ మొక్క తన దగ్గరే ఉంటానంటోందని లతీఫా నవ్వుతుంది. నిన్న ఆదివారం తెల్లవారుజామున చేయవలసినవన్నీ చేసి, ఎవరితోనూ మాట్లాడకుండా కోసుకొచ్చాను. లతీఫా తన వంతుగా కోళ్ళను కూడా గంపకింద మూసి ఉంచింది. అవి కూడా మాట్లాడకూడదని.

ఇప్పుడు ఇక్కడ సరుకులు సరిగా రావడం లేదు. డిస్పెన్సరీలో అయోడిన్ కూడా లేదట. రోజూ నలుగురైదుగురు ఆకు కోసం వస్తున్నారు.

ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఉత్తరం కవరులోనే పంపు. మన పోస్ట్‌మాన్ పర్వతాలు సంగతి నీకు తెలుసు. కార్డు వస్తే గేటు దగ్గరే గొంతెత్తి చదివి, ఆ తర్వాత చేతికిస్తాడు. అడిగితే, "దాచుకునేదైతే కవర్ల బెడ్తరు గదమ్మా" అంటాడు. బాలమ్మ కోడలు నీళ్ళోసుకున్న సంగతి బాలమ్మ కంటే ముందు వీధికి తెలిసింది.

రాత్రిళ్ళు పాలు తాగు.

అత్తయ్య

*

మద్రాసు
20 జూన్ 1948

అత్తయ్యకు అనేక నమస్కారాలు.

మీరు ఆనందించే వార్త. ఆకు గెలిచింది!

పొట్లాన్ని దారిలో ఎవరో విప్పి చూసినట్టున్నారు, సగం ఆకే చేరింది. వాళ్ళకూ ఎక్కడో గడ్డ లేచి ఉంటుంది. ఆ సగమే చాలింది. మొక్కను పోల్చుకున్నాను. మీ మాట ప్రకారం ఇక్కడ 'మన మొక్క' అనే రాస్తాను.

ఇక్కడ క్రిములను పెంచే గదికి మిస్ మేబెల్ అనే పెద్దావిడ అధికారి. అరవై ఏళ్ళుంటాయి. మనుషులు తుమ్మితే కసురుకుంటుంది గాని క్రిములను కన్నబిడ్డల్లా చూసుకుంటుంది. గాజుపళ్ళెంలో జిగురు పోసి, అది గడ్డకట్టాక చీము క్రిములను పరిచి, మధ్యలో చిన్న గుంట చేసి మన ఆకు రసం పోశాం. మర్నాటికి పళ్ళెమంతా క్రిములే. గుంట చుట్టూ మాత్రం, శుక్రవారం మీరు పెట్టుకునే బొట్టంత మేర, ఒక్క క్రిమి లేదు. మిస్ మేబెల్ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

రెండో వింత. ఆకును బెండు ముక్క మధ్యలో ఇరికించి మంగలికత్తితో కోస్తాం. వంద ముక్కలు కోస్తే ఒకటి పనికొస్తుంది. అలా కోసి చూస్తే, ఆకు మీది నూగు వెంట్రుకల మొదట్లో బంగారు రంగు రేణువులు! ఏ పుస్తకంలోనూ లేవు. క్రిములను చంపేది అవేనని నా నమ్మకం.

ప్రొఫెసరుగారు ఒకసారి వచ్చినదాన్ని నమ్మరు. ఇంకో పొట్లం వెంటనే పంపండి.

సదాశివ

*

మారేడ్‌పల్లి
28 జూన్ 1948

చిరంజీవి సదాశివకు,

సంతోషం నాయనా. మా అత్తగారి పటానికి దండ వేశాను.

ఒక్కటే బాధ. ఆ పళ్ళెంలో చచ్చిన క్రిముల పాపం ఎవరిది? నీదా, ఆకు పంపిన నాదా, పెంచిన ఆ మేబెల్ గారిదా? ఎందుకైనా మంచిదని మన ముగ్గురి పేరా దీపం పెట్టాను. ఆమె గోత్రం తెలియక క్రీస్తు గోత్రం అనుకున్నాను.

పొట్లం పంపుతున్నాను గాని ఈసారి ఆకు కోసింది నేను కాదు. కాకినాడలో మీ మామయ్య దాయాది ఒకాయన పోయారు. మేమెవరం ఆయన్ని చూసి ఎరగం. అయినా పది రోజులు మైల. మైలలో నేను ఆ మొక్కను తాకకూడదు. గోడ మీంచి లతీఫాను అడిగాను.

"నేను గోస్తె నడుస్తదా అక్కా?" అంది.

"నీ పెరడు, నీ నీళ్ళు. నువ్వు కోస్తే ఎందుకు నడవదు?" అన్నాను.

నిన్న పొద్దున్నే తల స్నానం చేసి కోసిందట. ఆకును రెండుసార్లు మంచి నీళ్ళతో కడిగి, నీడన ఆరబెట్టి, వాళ్ళాయన నాసర్‌గారి దర్జీ దుకాణం నుంచి కొత్త మల్లుగుడ్డ తెచ్చి మూట కట్టి ఇచ్చింది. "నా ఆకు మద్రాసుకు పోతున్నది" అని వీధిలో అందరికీ చెప్పుకుంది. ఫలితం రాగానే తనకూ చెప్పమంది.

అత్తయ్య

*

(కార్డు)

మద్రాసు
24 జూలై 1948

అత్తయ్యకు నమస్కారాలు. కవరు దొరకలేదు, తొందరలో రాస్తున్నాను. రెండో పొట్లం ఏమీ పనిచేయలేదు. నాలుగుసార్లు చూశాం. బంగారు రేణువులు కూడా లేవు. లతీఫా ఖాలా చేతి ఆకు పనికిరాదు. ఇకమీద ఆమె చేత కోయించకండి, మీరే కోసి పంపండి. ప్రొఫెసరుగారు కోపంగా ఉన్నారు. సదాశివ.

*

మారేడ్‌పల్లి
2 ఆగస్టు 1948

సదాశివకు,

కార్డు చేరింది. వీధి మొత్తానికి చేరింది.

పర్వతాలు వచ్చేసరికి లతీఫా మన గేటు దగ్గరే ఉంది. రోజా ఉపవాసం ఉండి కూడా నెల రోజులుగా టపా వేళకు వచ్చి నిలబడుతోంది. ఎదురింటి ప్రేమమణి, బాలమ్మ, బాలమ్మ కోడలు, అందరూ ఉన్నారు. పర్వతాలు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "మద్రాసు కెళ్ళి వచ్చింది, జెర సప్పుడు చెయ్యకుండ్రి" అన్నాడు. చదివాడు. 'లతీఫా ఖాలా చేతి ఆకు పనికిరాదు' అన్న దగ్గర ఆగి, చదివింది తనకే నచ్చక, ఇంకోసారి చదివాడు.

లతీఫా చీర కొంగు తల మీదకు లాక్కుని వెళ్ళిపోయింది.

ప్రేమమణి, "ఆమె చేతికి హస్తవాసి లేదన్నమాట" అంది. ఆ మాట సాయంత్రానికి చిలకలగూడ దాకా వెళ్ళింది.

నీ మోకాలికి కట్టు కట్టింది నేనే. కానీ అరుస్తుంటే మూడు రోజులు నిన్ను ఒళ్ళో పెట్టుకున్నది ఎవరో గుర్తు తెచ్చుకో.

కవరు దొరికే దాకా ఆగలేకపోయావా?

అనసూయమ్మ

*

మద్రాసు
12 ఆగస్టు 1948

అత్తయ్య పాదాలకు నమస్కారాలు.

'చిరంజీవి' లేకుండా మీ దగ్గర నుంచి నాకు వచ్చిన మొదటి ఉత్తరం ఇది. కింద 'అనసూయమ్మ' అని సంతకం చూసి ఇంకెవరి ఉత్తరమో అనుకున్నాను.

తప్పు నాదే. పర్వతాలు సంగతి మరిచిపోయాను. ఆ రోజు ప్రొఫెసరుగారు రెండు పళ్ళేలూ పక్కపక్కన పెట్టి, "మొదటి పళ్ళెంలో నువ్వేదైనా కలిపావా?" అని అడిగారు. అత్తయ్యా, నన్ను దొంగ అన్నట్టే కదా! ఆ మంటలో దగ్గర ఉన్న కార్డు తీసుకుని రాసేశాను.

కానీ నిజం మాత్రం అదే. అదే మొక్క, అదే పెరడు. మీరు కోస్తే పనిచేసింది, ఆమె కోస్తే చేయలేదు. నేను హస్తవాసిని నమ్మను. కానీ నమ్మవలసి వచ్చేలా ఉంది. జనవరి సభలో హస్తవాసి అని చదివితే నన్ను కుర్చీతో సహా బయట పెడతారు.

మీరే కోసి ఇంకొక్క పొట్లం పంపండి. లతీఫా ఖాలాకు నా క్షమాపణ చెప్పండి.

సదాశివ

*

మారేడ్‌పల్లి
25 సెప్టెంబరు 1948

సదాశివకు ఆశీస్సులు.

మేము క్షేమం. ఇన్నాళ్ళూ టపా కదల్లేదు. యుద్ధం అయిదు రోజులే జరిగింది. ఆ అయిదు రోజులూ మీ మామయ్య రేడియోకు అతుక్కుపోయారు. ఒక స్టేషను వీళ్ళు గెలుస్తున్నారంది, ఇంకో స్టేషను వాళ్ళు గెలుస్తున్నారంది. ఇద్దరూ గెలుస్తుంటే ఇక గొడవెందుకు అన్నాను. ఆయన నన్ను వంటింట్లోకి వెళ్ళమన్నారు. పద్దెనిమిదో తేదీన ఇండియా సైన్యం వచ్చింది. జనం దండలు పట్టుకుని వీధుల్లోకి పరుగెత్తారు. లతీఫా ఇంటి తలుపు మాత్రం తెరుచుకోలేదు.

పొట్లం పంపలేను. మొక్క ఆ గోడకు అవతల ఉంది. గేటు దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చాను. రెండు నెలలుగా ఇక్కడ ఎవరికీ ఆకు ఇవ్వలేదు. వచ్చినవాళ్ళకు లేదని చెప్పి పంపుతున్నాను.

ఇరవై ఏళ్ళుగా రంజాన్ పండగ నాడు లతీఫా ఒక ఇత్తడి గిన్నెలో సేమ్యాలు, ఎండు ఖర్జూరాలు, పంచదార పెట్టి గోడ మీద ఉంచేది. నా మడి తెలుసు గనుక అన్నీ వండనివే. ఈ ఏడు గోడ మీద ఏమీ లేదు. పోయినేటి గిన్నె నా దగ్గరే ఉంటే, అందులో ఆవకాయ పెట్టి నేనే గోడ మీద ఉంచాను. మూడు రోజులు అక్కడే ఉంది. నాలుగో రోజు నేనే తెచ్చుకున్నాను. కాకి కూడా ముట్టలేదు. ఆవకాయ కదా.

నీకొక సంగతి రాయలేదు. పోయిన ఉత్తరంలో తప్పంతా నీ మీద వేశాను. కార్డు చదివాక లతీఫా వెళ్ళిపోయే ముందు నా వైపు చూసింది. నేను ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. ఎందుకంటే ఆ ఒక్క క్షణం, నిజమేనేమో, నా చేతిలో ఉన్నది ఆమె చేతిలో లేదేమో అనుకున్నాను. కొంచెం గొప్పగా కూడా అనిపించింది. దేవుడి ముందు ఒప్పుకున్నాను. ఇప్పుడు నీ ముందు ఒప్పుకుంటున్నాను.

నాసర్‌గారి అన్న కరాచీకి రమ్మని కబురు చేశాడట. అటక మీది ఇనప్పెట్టె దించారని పర్వతాలు చెప్పాడు. వెళ్ళేది నవంబరు నెలాఖరుకట. భయంతో వెళ్తే నేను ఆపలేను. కానీ నేను తన చేతిని తక్కువ చేశాననుకుని వెళ్ళకూడదు.

నీ శాస్త్రం ఆమె చేతిని తప్పుపట్టింది. ఎందుకో నీ శాస్త్రమే తేల్చాలి. నీ దగ్గర రెండు పొట్లాల మిగులూ ఉంది కదా. చూడు.

అత్తయ్య

*

మద్రాసు
10 అక్టోబరు 1948

అత్తయ్యకు నమస్కారాలు.

మీ ఉత్తరం చదివిన మర్నాడే పనిలో దిగాను. గొప్ప సంగతి ఒకటి బయటపడింది.

రెండు పొట్లాల ఆకునూ మళ్ళీ కోసి చూశాను. ఆకు లోపలి కట్టు రెండింటిలోనూ ఒక్కటే. పైపొర, రంధ్రాలు, నీళ్ళు మోసే నాళాలు, నూగు, అన్నీ ఒక్కటే. తేడా ఆ బంగారు రేణువుల దగ్గరే. మీ ఆకులో ఉన్నాయి, ఖాలా ఆకులో లేవు. సరే, ఆ రేణువులు ఏమిటో తేలుద్దామని ఒక్కో ద్రావకం వేస్తూ వచ్చాను. చివరికి సున్నపు తేట ఒక చుక్క వేశాను. అత్తయ్యా, అవి ఒక్కసారిగా రక్తంలా ఎర్రబడ్డాయి! మిస్ మేబెల్ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. ప్రొఫెసరుగారు భోజనం మానేసి వచ్చి చూశారు. ఇటువంటి కణాలు ఏ ఆకులోనూ ఎవరూ చూడలేదు.

బహుశా వానలు పడగానే మొక్క వీటిని వదిలేస్తుంది. అందుకే ఖాలా ఆకులో లేవు. వీటికి 'సదాశివ కణాలు' అని పేరు పెడితే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నాను. ప్రొఫెసరుగారికి ఇంకా చెప్పలేదు.

సదాశివ

*

మారేడ్‌పల్లి
17 అక్టోబరు 1948

చిరంజీవి సదాశివకు అత్తయ్య ఆశీస్సులు.

సదాశివ కణాలు నా పోపులపెట్టెలో వీసెడు ఉన్నాయి. కావాలంటే పంపుతాను.

పసుపు, నాయనా! సున్నం తగిలితే ఎర్రబడేది పసుపు కాక ఇంకేమిటి? చిన్నప్పుడు నీకు జ్వరం వచ్చినప్పుడల్లా ఎర్రనీళ్ళు కలిపి దిష్టి తీసేదాన్ని. ఆ నీళ్ళు ఎలా ఎర్రబడ్డాయనుకున్నావు? పదహారేళ్ళు చదివి, మద్రాసు వెళ్ళి, ఆ మేబెల్ గారిని భయపెట్టి నువ్వు కనిపెట్టింది పళ్ళెంలో ఎర్రనీళ్ళు. నీ ఉత్తరం వంటింట్లో చదివి, నవ్వలేక నేల మీద కూర్చున్నాను. మీ మామయ్య మళ్ళీ యుద్ధం మొదలైందేమోనని పరుగెత్తుకొచ్చారు. ఆయన ఎదుటే పసుపులో సున్నపు తేట పోసి చూపించాను. "అయితే వాడి ఉద్యోగం?" అన్నారు.

అసలు సంగతి విను. మొక్కను కోసే ముందురోజు, శనివారం సాయంత్రం, దాని మొదట్లో నీళ్ళు పోసి, ఆకులకు పసుపు రాసి, బొట్టు పెట్టి, "రేపు నీతో పని ఉంది, రా తల్లీ" అని పిలవాలి. ఆదివారం స్నానం చేసి, చేతులకు పసుపు రాసుకుని, ఆ తడి చేతులతోనే కోయాలి. కోసిన ఆకును కడగకూడదు. ఇవన్నీ నీకు ముందే ఎందుకు చెప్పలేదంటావేమో. నువ్వు అడగలేదు. అన్నం వండానని రాసేటప్పుడు నీళ్ళు పోసి వండానని ఎవరైనా రాస్తారా?

లతీఫాకు ఈ పద్ధతి నేను చెప్పలేదు, చూసినా అది నా పూజ అనుకుని ఉంటుంది. ఆమె తనకు తెలిసిన శుభ్రం తాను చేసింది. రెండుసార్లు కడిగింది.

నవ్వు అయిపోయాక కొంచెం బాధ కూడా వేసింది. ఇరవై ఆరేళ్ళుగా నా హస్తవాసి అనుకున్నది పసుపన్నమాట. పూజ గదిలో కూర్చుంటే, మా అత్తగారు పటంలోంచి "మరి ఆ పసుపు రాయమన్నది నేనే కదే" అన్నట్టు అనిపించింది. సర్దుకున్నాను.

ఇప్పుడు నువ్వు చేయవలసింది చెబుతున్నాను. ఉత్త ఆకు, ఉత్త పసుపు, రెండూ కలిపి, అన్నీ పళ్ళెంలో పెట్టి చూడు. ఏది నిజమో అది లతీఫా పేరు మీద రాయి. నాకు కాదు, ఆమెకు. కవరులో వద్దు. కార్డు మీద రాయి. పెద్ద అక్షరాలతో, పర్వతాలు తడుముకోకుండా చదివేలా రాయి.

నవంబరు నెలాఖరు మాత్రం దాటనివ్వకు. పెట్టె ఇంకా వసారాలోనే ఉందట.

అత్తయ్య

*

(కార్డు)

మద్రాసు
12 నవంబరు 1948

శ్రీమతి లతీఫున్నీసా బేగం గారికి,
మారేడ్‌పల్లి, సికింద్రాబాదు

ఖాలాకు సదాశివ సలాం. జూలైలో నేను రాసిన కార్డు తప్పు. మీ చేతిలో ఏ దోషమూ లేదు. అత్తయ్య ఆకు మీద పసుపు ఉంది, అది నాకు తెలియలేదు. మీ ఆకు మీద ఏమీ లేదు. ఆరుసార్లు చూశాం. ఉత్త ఆకుకు బలం చాలా కొద్ది. ఉత్త పసుపుకు కొంత. రెండూ కలిస్తే ఆ రెండింటికంటే చాలా ఎక్కువ. ఈ సంగతి తేలింది మీరు ఆకును శుభ్రంగా కడిగి పంపినందువల్లే. మా ప్రొఫెసరుగారు, పరిశోధనకు పనికొచ్చే ఆకు మీదొక్కటే అన్నారు. నేను గీసిన బొమ్మలన్నీ మీ ఆకువే. మిస్ మేబెల్ మీ మల్లుగుడ్డను దాచుకుంది. చిన్నప్పుడు మీ ఒళ్ళో ఏడ్చినవాడిని. క్షమించండి. సదాశివ.

*

మారేడ్‌పల్లి
22 నవంబరు 1948

చిరంజీవి సదాశివకు అత్తయ్య అనేక ఆశీస్సులు.

కార్డు గురువారం వచ్చింది. పర్వతాలు వీధి మొదట్లోనే చదివేసి, పరుగులాంటి నడకతో వచ్చాడు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా అతని వెంట లతీఫా గేటు దాకా వెళ్ళాను. ప్రేమమణిని రమ్మని నేనే పిలిచాను. పిలవకపోయినా వచ్చేదే.

తలుపు వేసి ఉంది. పర్వతాలు చదివాడు. తలుపు తెరుచుకోలేదు. "ఇంకోసారి చదువు" అన్నాను. చదివాడు. "మళ్ళీ చదువు, పరిశోధనకు పనికొచ్చే ఆకు అన్న దగ్గర నుంచి" అన్నాను.

"నేను పోస్ట్‌మన్నా, గ్రామఫోనా అమ్మా?" అన్నాడు గాని చదివాడు.

మూడోసారికి తలుపు తెరుచుకుంది. లతీఫా వచ్చి, కార్డు అతని చేతిలోంచి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. ప్రేమమణి వైపు చూసి, "ఇన్నవా? చిలకలగూడకు పోయేటప్పుడు గిది సుత జెప్పు" అంది. ప్రేమమణికి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి.

మేమిద్దరమే మిగిలాం.

"ఏందక్కా, నా చెయ్యి సాఫ్ ఉన్నదని మద్రాసు కెళ్ళి కాయితం తెప్పియ్యాల్నా?" అంది.

"పిల్లవాడు తొందరపడి రాశాడు లతీఫా" అన్నాను.

"వాన్ని ఇడ్సిపెట్టు. వాడు దూరమున్నడు, వానికి ఏమెరుక? నువ్వు పక్కనే ఉంటివి. నీ దిక్కు జూస్తి. నువ్వు నేల జూస్తివి."

 ఎదురుగా నిలబడి, నీకు రాసిన మాటలే ఆమెకూ చెప్పాను. ఒక్క క్షణం నా చెయ్యే గొప్ప అనుకున్నానని కూడా చెప్పాను. లతీఫా అంతా వింది. చివరికి, "గంత గొప్ప చెయ్యి గద, నా ఇత్తడి గిన్నె పోయినేటి సంది నీ తాన్నే ఎందుకున్నది?" అంది.

"ఆవకాయ పెట్టి గోడ మీద పెడితే నువ్వే తీసుకోలేదు."

"గోడకిస్తవా, నాకిస్తవా? చేతికియ్యాలె."

వెంటనే వెళ్ళి తెచ్చి చేతికిచ్చాను. ఈసారి ఆవకాయ కొత్త జాడీలోది.

పెట్టె సంగతి ఆమే చెప్పింది. నాసర్‌గారికి కూడా వెళ్ళాలని లేదట. అన్న మాట తీసేయలేక ఊగుతున్నారట. "మొన్న రాత్రి అడిగిన. అన్నీ పెట్టెల బెడ్తం గని, గా మొక్కను యాడ బెట్టాలె అన్న. నీ పెరట్లనే బతకలే, కరాచీల బతుకుతదా?" అంది. శనివారం పొద్దున ఆ ఇనప్పెట్టె మళ్ళీ అటకెక్కింది. మీ మామయ్య కింద నుంచి ఎత్తారు. రెండు రోజులుగా నడుం పట్టుకుని తిరుగుతున్నారు. ఆ నొప్పికి మన ఆకు పనిచేయదు.

నీ ఉద్యోగం సంగతి మీ మామయ్య అడుగుతున్నారు. నువ్వేమీ బెంగపెట్టుకోకు. సభలో ఉన్నది ఉన్నట్టు చదువు. 'సదాశివ కణాలు' మాత్రం తీసెయ్యి. ఆ సభకు వచ్చేవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఉంటారు.

నిన్న ఆదివారం ఇద్దరం కలిసే ఆకు కోశాం. శనివారం సాయంత్రం మొక్కను నేను పిలిచాను. పక్కనే నిలబడి లతీఫా తన మాటల్లో బిస్మిల్లా అంది. మొక్కకు రెండు భాషలూ వచ్చు కాబట్టి ఇబ్బంది లేదు. అప్పుడు లతీఫా, "పసుపుతోనే నడుస్తదంటే నా చేత్తో రాసినా నడవాలె గద. చూద్దం" అంది. నిజమే కదా. అందుకని ఒక కొమ్మకు నేను పసుపు రాశాను, ఒక కొమ్మకు ఆమె రాసింది. ఎవరి కొమ్మ వాళ్ళమే కోశాం. రెండింటినీ ఒకే మల్లుగుడ్డ చించి రెండు మూటలు కట్టాం. ఒకదాని మీద ఒక చుక్క, ఒకదాని మీద రెండు చుక్కలు ఉన్నాయి. ఏది ఎవరిదో నీకు చెప్పం. పర్వతాలుకు అసలే చెప్పం.

రెండూ పళ్ళెంలో పెట్టి చూసి, క్రిములు లేని బొట్టు దేనికి పెద్దగా వచ్చిందో చుక్కల లెక్కన రాయి. సమానంగా వస్తే మాకు సంతోషం. రాకపోయినా నిజమే రాయి. లతీఫా, "నాదే పెద్దగొస్తది, రాసి పెట్టుకో" అంటోంది. నేను ఏమీ అనడం లేదు గాని, పసుపు కాస్త దట్టంగానే రాశాను.

జవాబు మాత్రం కవరులో పెట్టు.

అత్తయ్య